కుడిచేతి కొలత

పిన్నీ, ఆ కోటు సంగతి మేడమ్ చెవిన వేసింది నువ్వేనా, కాదా?

మిషన్ ఆపి చెప్పు. ఆపమంటుంటే ఇంకా గట్టిగా తొక్కుతావేంటి? ఆ చప్పుడులో నా మాట వినపడలేదని తప్పించుకుందామనా? నాకు లౌడ్‌స్పీకర్ అని పేరు పెట్టిందే నువ్వు. ఈ గొంతు ముందు నీ మిషన్ ఎంత?

అవునా, కాదా? ఒక్క ముక్క చాలు.

"ఏ కోటు" అంటావా? బాగుంది! షాపంతా కోట్లే వేలాడుతున్నాయి, ఏదని గుర్తుపెట్టుకుంటావులే పాపం. బూడిదరంగు కోటు, పిన్నీ. మొన్న నేను వెంటబెట్టుకొచ్చిన సాక్షి, నేను అత్తా అని పిలిచే ఆవిడ కోటు. కోర్టు ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఉన్ని కోటు. కుడిచేతి కుట్లన్నీ విప్పి, చంక కింద వేరే గుడ్డ ముక్క కలిపి మళ్ళీ కుట్టావే, అది. ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. మామూలు కోటులో ఆ చెయ్యి దూరదు. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలిసే దారి లేదు.

మరి ఇవాళ అక్కడ, మన దేశంలో, ఆవిడ కూతురు బడి నుంచి పాపని తీసుకొస్తుంటే ఎవడో ముక్కూమొహం తెలీనివాడు పక్కనే నడుస్తూ వచ్చి ఏమడిగాడో తెలుసా?

"మీ అమ్మకి కొత్త కోటు సరిపోయిందా? కుడిచెయ్యి దూరుతోందా?"

అంతే. తిట్టలేదు, అరవలేదు. నవ్వాడట. పాప తల నిమిరి వెళ్ళిపోయాడట.

ఇప్పుడు ఆగింది మిషన్.

అలా కిటికీ వైపు చూడకు, నా వైపు చూడు. ఆ ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సాక్షుల గదిలో. నువ్వెప్పుడూ ఎగతాళి చేస్తావుగా, కాలేజీలో డిబేట్లు చేసి కప్పులు గెలిచావు, ఇంత దూరం వచ్చి కప్పులు కడుగుతున్నావని? అదే చేస్తున్నాను అప్పుడు. టీ కప్పులు కడుగుతున్నాను. అత్త ఫోను ఎప్పుడూ బల్ల మీద పెట్టి స్పీకర్‌లోనే మాట్లాడుతుంది, చెవి దాకా ఎత్తడం కష్టం కదా. అందుకే ప్రతి మాటా నాకూ వినపడింది. కూతురు ఏడవడం, వెనకాల పాప ఏదో పాట పాడుకోవడం. పాపకేం తెలుసు, దానికి ఆ అంకుల్ మంచివాడే.

అత్త ఏం చేసిందో చెప్పనా? నెమ్మదిగా లేచింది. కోటు విప్పింది. ఎడంచేత్తోనే మడిచి కుర్చీ మీద పెట్టింది. సంచీ తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు పిన్నీ! "ఎవరికి చెప్పావే" అని అడగలేదు. కనీసం కోపంగా చూసినా బాగుండేది. నేను పక్కన నిలబడితే, "కాస్త ఆ జిప్పు లాగమ్మా" అంది.

లాగాను. ఏం చేస్తాను మరి?

ఏమన్నావ్? తీసుకొచ్చింది నువ్వేగా అంటావా?

అవును. నేనే తీసుకొచ్చాను. కోటు మార్చాలంటే ఆఫీసులో చెప్పాలి, వాళ్ళు తమకు తెలిసిన దర్జీని పిలిపిస్తారు, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఆవిడ దుప్పటి చుట్టుకుని కూర్చునేది. తప్పించుకుపోయే దొంగలా దుప్పట్లో కూర్చోవాలా, సాక్షి? నాకు ఒళ్ళు మండింది. మా పిన్నే దర్జీ, పక్క వీధిలో షాపు, సొంత మనిషి, దీనికో దరఖాస్తా అనుకున్నాను. సొంత మనిషి! ఆ మాట అనుకున్నందుకు ఇవాళ నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోతున్నా.

అదంతా మా ఆఫీసులో పైఆవిడకి చెప్పేశాను. ఏమీ దాచలేదు. మెడలో కార్డు లేదు, గమనించావా? తీసేసుకున్నారు. కోర్టు లోపలికి ఇక నన్ను రానివ్వరు. సరే, అది నా గొడవ, అది తేలిపోయింది. దానికి ఏడవడానికి నీ దగ్గరికి రాలేదు. నీ సంగతి తేలాలి.

అసలు నేను చేసే పనేంటో నువ్వెప్పుడైనా అడిగావా? "ఏదో సేవ" అని అందరికీ చెప్తావు. విను. ఆ గదిలో మేం సాక్షుల పక్కన కూర్చుంటాం. అంతే. వాళ్ళని రొట్టెల వ్యాను వచ్చే వెనక గేటు నుంచి లోపలికి తీసుకెళ్తాం, ముందు మెట్ల మీద అవతలివాళ్ళ బంధువులుంటారు కాబట్టి. మంచినీళ్ళు ఇస్తాం. లోపల తెర వెనక కుర్చీ వేసి కూర్చోబెడతారు, గొంతు మార్చే మైకు పెడతారు, నేను పక్క కుర్చీలో కూర్చుంటాను. చేతులు ఒళ్ళోనే ఉండాలి. తల ఊపకూడదు. నిట్టూర్చకూడదు. ఆవిడకి ఏం జరిగిందో నేను అడగకూడదు, ఆవిడ చెప్పబోయినా ఆపాలి. ఎందుకంటే రేపు అవతలి లాయరు లేచి, ఈ పిల్ల నూరిపోసింది, ఈవిడ వల్లించింది అంటాడు. మొత్తం పోతుంది.

నేను, పిన్నీ! పెళ్ళిచూపుల్లో కూడా అవతలివాళ్ళని ప్రశ్నలడిగి పంపించిన నేను! నోరు మూసుకుని పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను. ఆవిడ గురించి నాకు తెలిసిందల్లా ఆవిడ టీలో చక్కెర ఎంత వేసుకుంటుందో, ట్రామ్ తలుపులు వాటంతటవే తెరుచుకుంటే ఎలా నవ్వుతుందో, అంతే. మొదటిసారి ఆ తెర చూసి ఏమందో తెలుసా? "ఇంత పెద్ద తెర కట్టారు, నాటకమేదైనా వేస్తారా?" అంది. కాపలా ఉన్నతనికి భాష రాదు, అయినా నవ్వాడు.

ఆఫీసులో ఆవిడకో నంబరుంది. అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. మొదటి రోజే అత్తా అన్నాను.

ఇక్కడికొచ్చినప్పుడు నువ్వూ బాగానే చూశావు. కాదనను. అద్దం ముందు నిలబడి, "ఏమ్మా, దొరసానిలా ఉన్నానా?" అంటే నువ్వు పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మరీ నవ్వావు. బొత్తాలు నువ్వే పెట్టావు ఆవిడకి. కానీ దానికి ముందు... భుజం కొలత తీసుకునేటప్పుడు. "చెయ్యి పైకెత్తండమ్మా" అన్నావు. ఆవిడ ఎత్తలేదు. నువ్వు టేపు ఆ కీలు మీద పెట్టి, వేళ్ళతో తడిమి, ఆగిపోయావు.

నీ చెయ్యి ఆగడం నేను చూశాను.

నాకు అడగడానికి వీల్లేదు, అందుకే తెలీదు. నువ్వు అడగకుండానే తెలుసుకున్నావు. మన దేశంలో జనాన్ని పట్టుకెళ్ళి పెట్టిన ఆ ధాన్యం గిడ్డంగిలో దూలాలుండేవని, చేతులు వెనక్కి విరిచి కట్టేవాళ్ళని ఛార్జిషీటులో రాశారు, అది ఎవరైనా చదవొచ్చు, నేనూ చదివాను. ఆ గిడ్డంగికి ఇన్‌ఛార్జి ఎవరో కూడా రాశారు. మీరంతా ఇక్కడ పెద్దాయన, పెద్దాయన అని లేచి నిలబడతారే, ఆయన, మీ మేడమ్ మొగుడు. నువ్వు ఏటా సూటు కుట్టేది ఆయనకే కదా? ఆయన కొలతలు తీసుకున్నప్పుడు ఎలా ఉంటుంది పిన్నీ? చేతులు రెండూ బాగా పైకి లేస్తాయా?

సరే. సరే. ఆ మాట ఎక్కువైంది. కూర్చో. కూర్చోమంటున్నానుగా.

అదిగో ఫోను.

ఎవరు? ఇటు తిప్పు. మేడమేనా? ఎత్తకు. ఎత్తకు పిన్నీ, నీకు దణ్ణం పెడతా. ఎత్తి ఏం చెప్తావ్? బాగున్నారా మేడమ్, పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉంది మేడమ్, మా అక్క కూతురు ఎదురుగా నిలబడి నన్ను నిలదీస్తోంది మేడమ్, అంటావా? మోగనీ. అలిసిపోయి అదే ఆగుతుంది.

ఆ గుడ్డ కప్పేస్తే మోగడం మానుతుందా?

ఆగింది. చూశావా, ఆగింది. ఏమీ కాలేదు. ఇప్పుడు చెప్పు. నోరు జారావు, అంతేగా? మేడమ్ బట్టలకొచ్చింది, మాటల్లో మాట వచ్చింది, పాపం ఒకావిడ వచ్చింది మేడమ్ అన్నావు. అంతేనా? అంతేనని చెప్పు. నోరు జారడమైతే నేను అర్థం చేసుకోగలను. నేనూ జారతాను, మన ఇంటావంటా ఉన్నదే.

ఏంటీ?

ఇంకోసారి చెప్పు. నెమ్మదిగా. ఎవరు ముందు అడిగారు?

ఆవిడే అడిగిందా? నేను అత్తని తీసుకురాకముందే?

"మీ అక్క కూతురు ఆ కోర్టులో చేస్తోందటగా, పాపం ఎక్కడెక్కడివాళ్ళో వస్తుంటారు, ఈ చలికి బట్టలుండవు, నీ షాపుకి ఎవరైనా వస్తే నాకు చెప్పు, మా ఇంట్లో పాత బట్టలు బోలెడున్నాయి, పంచుదాం." అలా అందా? ఆ మాటలతోనేనా?

అబ్బా. ఎంత బాగా అడిగింది! నేను ఇన్నేళ్ళు డిబేట్లు చేశాను, ఇలాంటి ప్రశ్న వేయడం నాకు చేతకాలేదు. ఎదుటివాళ్ళలోని మంచితనాన్నే పట్టుకుని లాగడం.

అయితే నువ్వు చెప్పింది ఊసుపోక కాదన్నమాట. అత్త వెళ్ళాక నువ్వే ఫోను చేశావు. ఒకావిడ వచ్చింది, కుడిచెయ్యి లేవదు, తల మీంచి తొడుక్కునేవి పంపకండి, ముందు బొత్తాలుండేవైతే వేసుకోగలదు, అని. చెయ్యి ఎంతవరకు లేస్తుందో, ఎడం భుజానికీ కుడి భుజానికీ తేడా ఎంతో కూడా చెప్పావా? చెప్పే ఉంటావులే, దర్జీవి కదా. బట్ట సరిపోకపోతే నీకు నిద్రపట్టదు.

తెర కట్టారు, గొంతు మార్చారు, పేరు తీసి నంబరు పెట్టారు. ఆవిడ ఎవరో ఆయనకి తెలీకుండా ఉండాలని అంతమంది అన్ని ఏర్పాట్లు చేశారు. నువ్వు ఒక్క చంక కొలతతో ఆవిడ మొహం గీసి ఇచ్చేశావు. ఆ గిడ్డంగిలోంచి ప్రాణాలతో బయటపడి, కుడిచెయ్యి పైకి లేవకుండా పోయిన ఆడమనిషి ఎవరో ఆయనకి గుర్తులేదనుకున్నావా?

ఒక్కటి అడుగుతాను, కళ్ళెత్తి చెప్పు. ఆ పాత బట్టల కథ నువ్వు నమ్మావా?

నిజంగా నమ్మావా?

సరే. ఏడవకు. నమ్మాలనుకున్నావు. అది నాకు అర్థమవుతోంది. నమ్మితే ఏ గొడవా ఉండదు, ఇటు అత్తకి బట్టలొస్తాయి, అటు మేడమ్ దగ్గర మంచిపేరు ఉంటుంది, రాత్రికి నేనొస్తే వేడివేడిగా వండిపెట్టొచ్చు. అందరూ మంచివాళ్ళే. అలాంటి రోజు కావాలనుకున్నావు. తప్పేముంది? నాకూ కావాలి అలాంటి రోజు.

తెలుసు పిన్నీ, ఆవిడ నీకు చేసింది నాకు తెలుసు. బాబాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నీకు ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. డాక్టరు చెప్పేది నీకు అర్థమయ్యేలా చెప్పింది ఆవిడే. బాబాయి పోయాక నిన్ను పట్టుకుని కూర్చుంది ఆవిడే. ఈ షాపు గది ఇప్పించింది, మొదటి గిరాకీ తెచ్చింది, అన్నీ ఆవిడే. అప్పుడు మేమెవరం నీ పక్కన లేము. అమ్మ అక్కడ కూర్చుని ఫోన్లో ఏడ్చింది, అంతే. ఇవన్నీ నిజాలు. నేను వీటిని కొట్టిపారేయడానికి రాలేదు. ఆవిడ నీ పక్కన కూర్చున్నది దొంగ ప్రేమతో అని కూడా అనను. నిజంగానే కూర్చుని ఉండొచ్చు.

కానీ ఆ రోజు నీ పక్కన కూర్చున్నందుకు ఇవాళ ఇంకో ఆడమనిషి మనవరాలిని ఆవిడ చేతిలో పెట్టాలా?

ఏమన్నావ్, ఆవిడకి తెలిసి ఉండదా? ఆయనే ఏదో చేసుంటాడా? కావచ్చు. నాకు తెలీదు. నీకూ తెలీదు. తేల్చాల్సింది జడ్జిగారు. జడ్జిగారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా, తేల్చడానికి?

ఇప్పుడు అక్కడ ఏం జరుగుతోందో చెప్తాను, జాగ్రత్తగా విను. రేపు పొద్దున అత్త సాక్ష్యం. ఆ గిడ్డంగిలో ఆయన మొహం దగ్గరగా చూసి, గుర్తుపట్టి చెప్పగలిగిన మనిషి ఈవిడొక్కతే మిగిలింది. ఇంకొకాయన పోయాడు. ఇంకొకావిడ పోయినేడు తన మాట వెనక్కి తీసుకుంది, ఎందుకో ఇప్పుడు ఊహించగలను. అత్త మా పైఆవిడతో ఒకటే మాట చెప్పింది: "నా కూతురినీ పాపనీ ఎవరూ ముట్టుకోరని తెలిస్తే కూర్చుంటాను. లేదంటే పొద్దున్నే విమానం ఎక్కించండి." ఆవిడ వెళ్ళిపోతే కేసు అక్కడితో అయిపోయినట్టే. ఆయన కేసులోంచి బయటపడతాడు, మీరంతా దండలేసి తీసుకొస్తారు. ఆ సూటు కూడా నువ్వే కుడతావు.

మన తరఫు లాయరు ఉందిగా, పొట్టిగా, ఎప్పుడూ పరిగెడుతూ ఉంటుందని చెప్పానే, అత్తని విమానం ఎక్కించడానికి వీల్లేదని ఆవిడ అడ్డం తిరిగింది. బెదిరించారని కోర్టుకి చెప్తే ఏమవుతుందని నేనడిగాను. ఆయన్ని ఇంటిదగ్గర ఉండనిచ్చిందే ఒక షరతు మీదట. ఆయన గానీ, ఆయన ఇంట్లోవాళ్ళు గానీ సాక్షుల జోలికి పోకూడదు. పోయారని తేలితే ఆయన మళ్ళీ లోపలికి, ఫోన్లు స్వాధీనం. అక్కడ కూతురికి రక్షణ పెట్టి వేరే చోటికి మార్చమని కోర్టే గట్టిగా అడుగుతుంది. కానీ తేలాలి కదా? వీధిలో ఎవడో కోటు సరిపోయిందా అని అడిగాడంటే అది బెదిరింపని ఎవరు ఒప్పుకుంటారు? అవతలి లాయరు నవ్వుతాడు. పలకరింపు కూడా నేరమేనా అంటాడు. ఆ మాట ఆ ఇంటి నుంచి వెళ్ళిందని, ఆ ఇంటివాళ్ళు అడిగి మరీ తెలుసుకున్నారని చెప్పే మనిషి కావాలి. నేను చెప్తే చెల్లదు. నేను విన్నది నీ నోటివెంట. మేడమ్ అడిగింది నిన్ను. చెప్పింది నువ్వు.

ఈ ప్రపంచం మొత్తంలో అది తెలిసినదానివి నువ్వొక్కదానివే పిన్నీ.

తల అలా అడ్డంగా ఊపకు. ముందు పూర్తిగా విను.

నిన్ను జైల్లో వేస్తారా అంటే... వేయరని ఒట్టేసి చెప్పలేను. నాకు తెలీదు. తెలీకుండా చెప్పి నిన్ను తీసుకెళ్తే, ఆ పాత బట్టల మాట చెప్పినావిడకీ నాకూ తేడా ఏముంది? కావాలని చేయలేదని, నువ్వే వచ్చి చెప్పావని చూస్తారని లాయరు అంది. చూస్తారు అంది, అంతే.

అవును, నేను వెళ్ళిపోతాను. అది నిజం. ఈ చలికాలం అయిపోతే సంచీ సర్దుకుని వెళ్తాను, కాలేజీలో ఈ కథ చెప్పుకుంటాను, చప్పట్లు కొడతారు. నువ్వు మాత్రం ఇదే వీధిలో, ఇదే షాపులో, ఇదే జనం మధ్య ఉండాలి. ఆదివారం మనవాళ్ళ కూడికకి వెళ్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. గిరాకీ రాదు. ఎవరో షాపు తలుపు మీద ఏదో రాసిపోతారు. మళ్ళీ జ్వరమొస్తే డాక్టరు మాట చెప్పేవాళ్ళుండరు. ఇవన్నీ జరగొచ్చు. డిబేట్ అయితే ఏదో ఒకటి అనేసి గంట కొట్టేలోపు కూర్చునేదాన్ని. ఇక్కడ అలా అనలేను.

ఒక్కటే అడుగుతాను. మీ అందరికీ తెలుసా ఆయన సంగతి? ఛార్జిషీటు రాకముందే, పోలీసులు రాకముందే?

అనుకున్నాను. ఎవరూ ఎవరితో అనేవాళ్ళు కాదు, అంతేనా? ఆయన వస్తే నిలబడేవాళ్ళు. బాబాయి కూడానా? పెద్దాయనతో చెయ్యి కలపకుండా జేబుల్లో చేతులు పెట్టుకునేవాడా? ఎప్పుడూ? చలి అని చెప్పేవాడా?

చూశావా, ఈ మాట నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ మోగుతోంది. ఈసారి మెసేజి. చదువు. చదువు, నేను చూడనులే.

"సాయంత్రం వస్తున్నాను, మాట్లాడాలి" అందా? వస్తుంది మరి. పండ్లు పట్టుకుని వస్తుంది. నీ చెయ్యి పట్టుకుంటుంది. మనం మనం ఒకటి అంటుంది. నేనైతే అరుస్తాను, ఆవిడ అరవదు. నువ్వు ఆవిడ ఎదురుగా కూర్చుని మాట్లాడగలవా? లేవు. నీకూ తెలుసు. అందుకే, ఆవిడ వచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండకూడదు.

ఇంకో సంగతి ఉంది. ఇది నేను వచ్చీరాగానే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు. నాకు ధైర్యం చాలకపోవడం, నవ్వొస్తోందా?

నీ పేరు చెప్పేశాను పిన్నీ.

ఇందాకే. లాయరు అడిగింది, ఆ కోటు ఎవరు కుట్టారని. నీళ్ళు నములుదామనుకున్నాను. ఎవరో దర్జీ, పేరు గుర్తులేదు అందామని నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అప్పుడు లోపలి గదిలో అత్త ఒంటిచేత్తో సంచీ సర్దుకుంటున్న చప్పుడు వినపడుతోంది. మా అమ్మ చెల్లెలు అన్నాను. పేరు చెప్పాను. వీధి చెప్పాను. ఆవిడ రాసుకుంది. అమ్మ ముందు నేనిక ఏ మొహం పెట్టుకుని నిలబడతానో నాకే తెలీదు.

కొట్టాలనుందా? కొట్టు. చిన్నప్పుడు కొట్టావుగా.

నీతో మాట్లాడొద్దని కూడా గట్టిగా చెప్పారు. నేరుగా ఇక్కడికే వచ్చాను. ఎందుకంటే వాళ్ళు వచ్చి నిన్ను పిలిస్తే, నువ్వు పిలిపించుకున్న మనిషివి అవుతావు. నీ అంతట నువ్వు వెళ్తే, వెళ్ళి చెప్పిన మనిషివి అవుతావు. ఆ తేడా నీకు దక్కాలని వచ్చాను. ఇది కూడా ఒకరకంగా బెదిరింపే కదా అంటావా? అవునేమో. ఆ మేడమ్ తియ్యగా అడిగింది, నేను మెడ మీద కూర్చుని అడుగుతున్నాను. ఇద్దరం నీ దగ్గర ఏదో ఒకటి లాక్కోవడానికే చూస్తున్నాం. తేడా ఏంటో నువ్వే ఆలోచించుకో. నేను నిన్ను చీకట్లో ఉంచి అడగడం లేదు, అంతే నేను చెప్పుకోగలిగింది.

కళ్ళు తుడుచుకో. ముక్కు చీదు. ఇదిగో.

ఏం చెప్పాలి అని నన్ను అడగొద్దు. అది మాత్రం నేను చెప్పను. జరిగింది నీకు తెలుసు, నాకంటే బాగా. నిన్ను ఎవరు పంపారని అడిగితే నిజమే చెప్పు, మా అక్క కూతురు మీదపడి అరిచి గోల చేసి పంపింది అని చెప్పు, నమ్ముతారు, నన్ను వాళ్ళు చూశారుగా. ఆవిడ నీకు చేసిన మంచి కూడా చెప్పు. ఆసుపత్రి సంగతీ చెప్పు. ఏదీ దాచొద్దు. భాష తడబడితే ఆగు, దుబాసీ ఉంటాడు, మన భాషలోనే చెప్పు.

వెనక గేటు నుంచి కాదు, ముందు మెట్ల మీంచే వెళ్ళు. ఆఫీసు ఇంకా తీసే ఉంటుంది. అక్కడ మెట్ల దగ్గర నేను ఆగిపోతాను, నన్ను రానివ్వరు. వెనక్కి తిరిగి నా వైపు చూడకు, నేను సైగ చేశానంటారు. లోపల ఎదురుగా కూర్చున్నవాళ్ళనే చూడు. మొదట నీ పేరు చెప్పు, తర్వాత మేడమ్ పేరు చెప్పు, తర్వాత ఆవిడ నిన్ను ఏమడిగిందో చెప్పు.

లే పిన్నీ. అత్త ఇంకా ఆ గదిలోనే ఉంది. లేచి, నడువు.